గైడు: రెండు సంస్కృతుల మధ్య వారధి

(వ్యాసకర్త: హాస్టల్ పూర్వ విద్యార్థి, పి.జి. టూరిజం)

హాస్టల్ వార్షికోత్సవ సంచికల్లో సాధారణంగా డాక్టరు, ఇంజనీరు, టీచరు, గ్రూప్స్ ఉద్యోగాల గురించి రాస్తుంటారు. నేను చదువుతున్నది టూరిజం. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషిని నేనే. ఈ కోర్సులో చేరానని చెప్పగానే మా ఊళ్ళో పెద్దవాళ్ళు "ఊళ్ళు తిరగడానికి కూడా చదువు కావాలా?" అన్నారు. ఊళ్ళు తిరగడానికి అక్కర్లేదు గానీ, ఊరు చూపించడానికి మాత్రం చదువు కావాలి. అదెలాంటి చదువో, అందులో గైడు పాత్ర ఏమిటో, మన హాస్టల్ పిల్లలకు అది ఎలా పనికొస్తుందో ఈ వ్యాసంలో చెప్తాను.

సంస్కృతి అంటే ఏమిటి?

సంస్కృతి అనగానే మనకు నాట్యం, సంగీతం, పండుగలు గుర్తొస్తాయి. అవి పైకి కనిపించేవి. కనిపించనివి ఇంకా చాలా ఉన్నాయి. పెద్దవాళ్ళ ముందు ఎలా నిలబడాలి, ఎదుటివాడికి "కాదు" అని ఎలా చెప్పాలి, పది గంటలకు రమ్మంటే ఎన్నింటికి రావాలి, ఎవరి వయసు అడగొచ్చు, ఎవరి జీతం అడగకూడదు? ఇవన్నీ సంస్కృతే. వీటిని ఎవరూ పాఠంగా చెప్పరు, పెరుగుతూ మనమే నేర్చుకుంటాం. అందుకే మనం చేసేదే సహజం అనీ, ఇతరులు చేసేది వింత అనీ అనిపిస్తుంది.

వేర్వేరు సంస్కృతుల మనుషులు కలిసినప్పుడు జరిగే మాటామంతీని అంతర్ సాంస్కృతిక సంభాషణ అంటారు. ఈ విషయం మీద ఎక్కువగా పనిచేసిన అమెరికన్ పండితుడు ఎడ్వర్డ్ టి. హాల్. ఆయన 1959లో రాసిన 'ది సైలెంట్ లాంగ్వేజ్' అనే పుస్తకంతో ఈ చదువుకు మంచి పునాది పడింది. మాట ఎంత భాషో మౌనం, దూరం, కాలం కూడా అంతే భాష అన్నది ఆయన ప్రధాన వాదన.

ఇక్కడ ఒక మాట. వేరే సంస్కృతి అంటే విదేశీయులదే అనుకోవద్దు. గోల్కొండ కోటకు వచ్చే వాళ్ళలో ఎక్కువమంది మన దేశం వాళ్ళే. కోల్‌కతా కుటుంబం, గుజరాత్ వ్యాపారులు, తమిళనాడు విద్యార్థులు, శ్రీకాకుళం రైతులు... వీళ్ళందరికీ ఒకే పాఠం ఒకే రకంగా అప్పజెబితే ఎవరికీ తలకెక్కదు.

గైడు చేసే పనులు

పూర్వం గైడంటే దారి తెలిసినవాడు. కొండలో, అడవిలో ముందు నడిచి, క్షేమంగా తీసుకెళ్ళి తీసుకొచ్చేవాడు. ఎరిక్ కోహెన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1985లో రాసిన ఒక వ్యాసంలో గైడుకు రెండు మూలాలున్నాయని చెప్పాడు. ఒకటి దారి చూపేవాడు, రెండోది గురువు. ఈ రెంటి నుంచి నేటి గైడు పని నాలుగు రకాలుగా పెరిగిందని వివరించాడు. వాటిని మన మాటల్లో ఇలా చెప్పుకోవచ్చు.

1. దారి, సమయం, భద్రత చూసుకోవడం.
2. గుంపులో ఉల్లాసం, ఐకమత్యం నిలబెట్టడం.
3. సందర్శకులకూ, స్థానికులకూ మధ్య నిలబడి మాట కలపడం.
4. చూసినదానికి అర్థం చెప్పడం.

దారి ఇప్పుడు సెల్‌ఫోన్ చూపిస్తుంది. రాజుల పేర్లు, సంవత్సరాలు కూడా ఫోనే చెప్తుంది. మాటను ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మార్చే యాప్‌లూ వచ్చాయి. అయినా గైడు అవసరం పోలేదంటే కారణం చివరి రెండు పనులే. మాట కలపడం, అర్థం చెప్పడం మనిషి వల్ల అయినంత బాగా యంత్రం వల్ల కావడం లేదు.

"దగ్గరే" అంటే ఎంత దూరం?

హాల్ తర్వాతి కాలంలో సంస్కృతులను మాట్లాడే తీరును బట్టి రెండు వైపులుగా చూశాడు. కొన్ని చోట్ల మాటలో సగమే చెప్తారు, మిగతా సగం సందర్భాన్ని బట్టి ఎదుటివాడు గ్రహించాలి. మన దేశం, జపాన్ వంటివి చాలావరకు ఈ కోవలోకి వస్తాయి. జర్మనీ, అమెరికా వంటి చోట్ల చెప్పదలచుకున్నది పూర్తిగా మాటల్లోనే చెప్పేస్తారు. చెప్పనిది లేనట్టే లెక్క.

మనం చుట్టాలతో "భోంచేసి వెళ్ళండి" అంటాం. వాళ్ళు "వద్దండి" అంటారు. మళ్ళీ అడుగుతాం. మూడోసారికి కూర్చుంటారు. మొదటి "వద్దు" నిజమైన "వద్దు" కాదని మనకు తెలుసు. ఒక జర్మన్ సందర్శకుడు టీ వద్దన్నాడంటే అది నిజంగానే వద్దు. మూడుసార్లు అడిగితే విసుక్కుంటాడు. అదే ఒక జపాన్ పెద్దాయన "కొంచెం కష్టమండీ" అన్నాడంటే అది చాలాసార్లు "కాదు" అన్నమాటే. "కొంచెమేగా, రండి" అని లాక్కుపోకూడదు.

గోల్కొండనే తీసుకుందాం. కోట సుమారు 400 అడుగుల ఎత్తున్న గ్రానైట్ గుట్ట మీద ఉంది. పైన బారాదరి దాకా ఎక్కడానికి సుమారు 360 మెట్లు. "ఇంకెంత దూరం?" అని అడిగితే మనం అలవాటుగా "ఇదిగో, దగ్గరే" అంటాం. మనలో ఆ మాటకు అర్థం "ధైర్యంగా ఉండు" అని. వినేవాడు దాన్ని కొలతగా తీసుకుంటే పది నిమిషాల తర్వాత గైడు మీద నమ్మకం పోతుంది. ప్రాజెక్టు పని మీద నేను కోటలో కొందరు గైడ్ల వెంట నడిచాను. వాళ్ళలో అనుభవం ఉన్న ఒకాయన కిందే నిలబెట్టి చెప్పేవాడు: "మెట్లు మూడు వందల అరవై. మధ్యలో నాలుగు చోట్ల ఆగుతాం. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఇక్కడే తోటలో కూర్చోవచ్చు, కింద చూడాల్సినవి కూడా చాలా ఉన్నాయి." ఆయన ఇంగ్లీషులో వ్యాకరణం తప్పులు ఉండేవి. అయినా ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఎందుకంటే వినేవాళ్ళకు కావలసినది ముందే, స్పష్టంగా చెప్పాడు.

మాట లేని భాష

హాల్ 1966లో రాసిన 'ది హిడెన్ డైమెన్షన్' పుస్తకంలో మనుషుల మధ్య దూరాలను కొలిచి చెప్పాడు. తాను గమనించిన అమెరికన్లలో అయినవాళ్ళ మధ్య దూరం 18 అంగుళాల లోపు, స్నేహితుల మధ్య ఒకటిన్నర నుంచి 4 అడుగులు, పని మీద మాట్లాడేవాళ్ళ మధ్య 4 నుంచి 12 అడుగులు అన్నాడు. బస్సులో ఒకే సీట్లో ముగ్గురం సర్దుకునే మనకు ఈ లెక్క నవ్వు తెప్పిస్తుంది. కానీ గైడు మాట్లాడుతూ దగ్గరకు జరిగేకొద్దీ సందర్శకుడు వెనక్కి జరుగుతున్నాడంటే అది అయిష్టం కాదు, అలవాటు. గైడు అది గమనించి తన చోట తాను ఆగాలి.

తల ఊపడం ఇంకో ఉదాహరణ. మనం "సరే" అనడానికి తలను అటూ ఇటూ ఊపుతాం. చాలా దేశాల వాళ్ళకు అది "కాదు"లా కనిపిస్తుంది. బల్గేరియాలో అయితే తల అడ్డంగా ఊపితే "అవును" అని అర్థం. అందుకే మంచి గైడు తల ఊపినా నోటితో కూడా "ఎస్" అంటాడు. వేలు చూపించి పిలవడం చాలా ఆసియా దేశాల్లో అమర్యాద, అరచేయి మొత్తం వాడాలి. జపాన్ వాళ్ళకు కార్డు గానీ టిక్కెట్టు గానీ ఇస్తే రెండు చేతులతో ఇవ్వడం మర్యాద. మన ఊళ్ళల్లో పెద్దలకు ఇచ్చేటప్పుడు కుడి చేతికి ఎడమ చెయ్యి ఆనించి ఇస్తాం కదా, అదే భావం.

మౌనం కూడా అంతే. పాఠం అయ్యాక "ప్రశ్నలున్నాయా?" అంటే అమెరికన్లు వెంటనే చేయెత్తుతారు. కొన్ని దేశాల వాళ్ళు గుంపులో అడగడానికి మొహమాటపడతారు. మన క్లాసులో మనం చేసేది కూడా ఇదే కదా! అలాంటి వాళ్ళతో నడుస్తూ పక్కన చేరి మాట్లాడితే అసలు ప్రశ్నలు అప్పుడొస్తాయి.

తెలియనిదాన్ని తెలిసినదానితో ముడిపెట్టడం

ఫ్రీమన్ టిల్డెన్ 1957లో 'ఇంటర్‌ప్రెటింగ్ అవర్ హెరిటేజ్' అనే పుస్తకం రాశాడు. అమెరికా జాతీయ పార్కుల్లో పనిచేసే వాళ్ళ కోసం రాసిన ఈ పుస్తకం ఇప్పటికీ టూరిజం విద్యార్థులకు పాఠ్యమే. సమాచారం అప్పజెప్పడం ఒకటి, అర్థం విప్పి చెప్పడం మరొకటి అన్నది అందులోని సారం. వినేవాడి జీవితానికి సంబంధం లేని మాట అతని చెవి దగ్గరే ఆగిపోతుంది.

ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడిని చూడండి. కాకతీయ గణపతిదేవుని కాలంలో సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. "గణపతిదేవుడు" అన్న పేరు ఒక ఇంగ్లీషు మనిషికి ఏమీ చెప్పదు. "మీ దేశంలో మాగ్నా కార్టా ఒప్పందం 1215లో జరిగింది కదా, దానికి రెండేళ్ళ ముందు ఈ శాసనం చెక్కారు" అంటే కళ్ళు పెద్దవవుతాయి. ఫ్రాన్స్ వాళ్ళకు ప్యారిస్‌లోని నోటర్ డామ్ చర్చి కట్టడం 1163లో మొదలైందని గుర్తుచేయవచ్చు. జపాన్ వాళ్ళకు అది కామకురా యుగం.

రామప్పలో పునాది కింద ఇసుక నింపిన గొయ్యి ఉంటుంది. భూమి కదిలితే ఆ అదురును ఇసుక పరుపులా తీసుకుంటుంది. గోపురానికి వాడిన ఇటుకలు నీళ్ళల్లో తేలేంత తేలిక. భూకంపాల దేశం నుంచి వచ్చినవాళ్ళకు ముందు ఈ సంగతి చెప్తే శ్రద్ధగా వింటారు. నాట్యం మీద ప్రేమ ఉన్నవాళ్ళకు ముందు నల్లరాతి మదనికలను చూపించి, నటరాజ రామకృష్ణగారు పేరిణి నాట్యాన్ని తిరిగి నిలబెట్టడానికి ఈ శిల్పాలు ఎలా సాయపడ్డాయో చెప్పాలి. గుడి ఒక్కటే, ప్రవేశించే తలుపులు అనేకం.

లెక్కలను కూడా మార్చి చెప్పాలి. లక్ష, కోటి విదేశీయులకు తెలియవు. పది లక్షలు ఒక మిలియన్, కోటి పది మిలియన్లు. యూరప్ వాళ్ళకు అడుగులు కాదు, మీటర్లు కావాలి.

రామప్ప నేటికీ పూజలు జరిగే శివాలయం. చెప్పులు విప్పమని గద్దించి చెప్పడం కన్నా "ఇది మ్యూజియం కాదు, దేవుడి ఇల్లు" అని కారణం చెప్తే సంతోషంగా విప్పుతారు. మే నెల ఎండలో రాయి కాలుతుంది గనుక మేజోళ్ళు ఉంచుకోవచ్చని ముందే చెప్తే ఇంకా గౌరవిస్తారు. మా అమ్మ చదువుకోలేదు. ఇంటికి ఎవరొచ్చినా ముందు మంచినీళ్ళు ఇచ్చి తర్వాతే సంగతి అడుగుతుంది. ఈ వృత్తిలో సగం పాఠం అదే.

ఒకే చోటు, ఎన్నో కళ్ళు

నాగార్జునకొండ దీనికి మంచి ఉదాహరణ. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ అది. నాగార్జునసాగర్ జలాశయంలో మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, దొరికినవాటిని ఇప్పుడు ద్వీపంగా ఉన్న కొండ మీదికి చేర్చారు. మనవాళ్ళు ఎక్కువగా లాంచీ ప్రయాణం కోసం, డ్యాం చూడడం కోసం వస్తారు. శ్రీలంక నుంచి వచ్చిన బౌద్ధులకు మాత్రం అది యాత్రాస్థలం. అక్కడ బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో సింహళ విహారం ప్రస్తావన ఉంది. "పదిహేడు వందల ఏళ్ళ కిందటే మీ దేశపు భిక్షువులకు ఇక్కడ నివాసం ఉండేది" అని గైడు చెప్తే, వాళ్ళు పరాయి దేశానికి వచ్చినట్టు కాక పుట్టింటికి వచ్చినట్టు భావిస్తారు.

ఆచార్య నాగార్జునుణ్ణి జపాన్‌లో 'ర్యూజు' అంటారు, చైనాలో 'లోంగ్షు' అంటారు. ఆ ఒక్క పేరు తెలిసి ఉంటే సంభాషణ ఎంత తేలికవుతుందో ఊహించండి. 2006 జనవరిలో అమరావతిలో దలైలామా కాలచక్ర ఉత్సవం జరిపినప్పుడు దేశదేశాల భక్తులు వచ్చారు. వాళ్ళు వెతుక్కుంటూ వచ్చిన చరిత్ర మన నేలదే. బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి ఫోటో దిగడం శ్రీలంకలో తప్పుగా చూస్తారు, థాయ్‌లాండ్‌లో విగ్రహం వైపు కాళ్ళు చాపడం తప్పు. ఇవి తెలిసిన గైడు మిగతా సందర్శకులను కూడా సున్నితంగా హెచ్చరిస్తాడు.

చరిత్ర, కథ, నమ్మకం

గోల్కొండలో రామదాసు చెర ఉంది. కంచర్ల గోపన్న పాల్వంచ తహశీల్దారుగా ఉండి భద్రాచలం గుడి కోసం ఖర్చుచేసిన సొమ్ము విషయంలో తానీషా కాలంలో అక్కడ ఖైదులో ఉన్నాడు. అదే తానీషా కొలువులో అక్కన్న, మాదన్న పెద్ద పదవుల్లో ఉన్నారు. 1687లో ఔరంగజేబు సేనలకు కోట స్వాధీనమైంది. గుంపులో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అందరూ ఉంటారు. ఒక ముక్క మాత్రమే చెప్పి ఎవరినో దొంగను చేయడం చాలా తేలిక. మొత్తం చెప్పడం గైడు ధర్మం. ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు కవులను ఆదరించి 'మల్కిభరాముడు' అనిపించుకున్నాడని, కోటలోనే అమ్మవారి గుడి ఉందని, ఆషాఢంలో బోనాలు అక్కడే మొదలవుతాయని కూడా చెప్పాలి. రామలక్ష్మణులు వచ్చి సొమ్ము కట్టారన్నది భక్తుల నమ్మకం. దాన్ని వెక్కిరించకూడదు, చరిత్ర అని కూడా చెప్పకూడదు. "భక్తులు ఇలా నమ్ముతారు" అంటే ఇద్దరికీ గౌరవం దక్కుతుంది.

కష్టమైన ప్రశ్న

ఇప్పుడు మనందరికీ సంబంధించిన సంగతి. విదేశీ సందర్శకులు తరచూ అడిగే ప్రశ్నల్లో ఒకటి కులం గురించి. "మీ దేశంలో ఇంకా కులం ఉందా?" అని అడుగుతారు. కొందరు గైడ్లు దేశం పరువు పోతుందని "అదంతా పాత కాలం, ఇప్పుడేమీ లేదు" అంటారు. వినేవాడు ఆ ఉదయమే పేపర్లో వేరే వార్త చదివి ఉంటాడు. ఇక ఆ గైడు చెప్పిన మిగతావన్నీ కూడా నమ్మడు. ఇంకొందరు కోపంతో మాట్లాడతారు. కోపం న్యాయమైనదే కావచ్చు, కానీ వినేవాడికి అర్థం అందదు.

నా అభిప్రాయంలో జవాబు ఇలా ఉండాలి: "ఉంది. మా రాజ్యాంగం 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. రాజ్యాంగ రచనా సంఘానికి అధ్యక్షుడు డాక్టర్ అంబేద్కర్. చట్టం వచ్చినంత త్వరగా మనసులు మారలేదు. అయినా చదువు వల్ల చాలా మారింది, మారుతోంది." ఇది నిజం, క్లుప్తం, గౌరవం. దీని తర్వాత "మీది ఏ కులం?" అని అడిగితే చెప్పడమా, మానడమా అన్నది మన ఇష్టం. మన జీవితం టిక్కెట్టు కొని చూసే కట్టడం కాదు. చెప్పాలనిపిస్తే తలెత్తి చెప్దాం. వద్దనిపిస్తే నవ్వి, "రండి, తర్వాతి మండపం చూద్దాం" అందాం.

ఇంకో మాట కూడా. కట్టడం దగ్గర రాజు పేరు, సేనాని పేరు చెప్తాం. బండ కొట్టినవాళ్ళు, మోసినవాళ్ళు, ఇటుక కాల్చినవాళ్ళు, చెరువు తవ్వినవాళ్ళు ఎవరు? మా నాన్న మేస్త్రీ. రామప్ప ఇటుకను చూసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది సేనాని కాదు, బట్టీ దగ్గర నిలబడ్డ మనిషి. వాళ్ళ పేర్లు శాసనంలో లేకపోయినా వాళ్ళ పనితనం కళ్ళ ముందు ఉంది. మన పిల్లలు గైడ్లయితే ఆ మాట చెప్పేవాళ్ళు పెరుగుతారు. ఈ వృత్తిలోకి మనం రావాలని నేను కోరడానికి ముఖ్య కారణం ఇదే.

వారధి రెండు వైపులా ఉండాలి

గైడు సందర్శకుడి పక్షమే కాదు, ఊరి పక్షం కూడా. అడగకుండా పొలంలో ఆడవాళ్ళ ఫోటోలు తీస్తుంటే "ముందు అడుగుదాం" అని ఆపాలి. ఊరివాళ్ళు వచ్చినవాళ్ళ బట్టలు చూసి నవ్వుతుంటే వాళ్ళకూ సర్దిచెప్పాలి. కమీషన్ కోసం దుకాణాలకు లాక్కెళ్ళడం వల్ల వచ్చే డబ్బు ఆ రోజుకే, పోయే పేరు ఊరందరిదీ.

అలాగే చదివినదంతా మూసగా పెట్టుకోవద్దు. జర్మన్లందరూ గడియారం చూసుకునేవాళ్ళు కారు, జపాన్ వాళ్ళందరూ మౌనంగా ఉండరు. "హాస్టల్ పిల్లలంటే ఇంతే" అని ఎవరైనా అంటే మనకెలా ఉంటుంది? పుస్తకంలోని సంగతి మొదటి అంచనా మాత్రమే. మనిషిని చూశాక, విన్నాక ఆ అంచనా మార్చుకోవాలి. ఏమీ అర్థం కాకపోతే "మీ దగ్గర ఇది ఎలా చేస్తారు?" అని అడగడమే మంచి పద్ధతి.

మనం ఏం చేయవచ్చు?

ఆలోచించి చూస్తే మన హాస్టలే ఈ చదువుకు మొదటి బడి. వేర్వేరు మండలాల నుంచి, వేర్వేరు యాసలతో వచ్చి ఒకే గదిలో పడుకున్నాం. ఒకరి పచ్చడి ఒకరికి కారం, ఒకరి మాట ఒకరికి నవ్వు. సర్దుకున్నాం, అడిగి తెలుసుకున్నాం, స్నేహితులమయ్యాం. ఆ నేర్పునే వృత్తిగా మార్చుకోవచ్చు.

ఆసక్తి ఉన్నవాళ్ళకు కొన్ని సూచనలు:

1. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఐటీటీఎంకు నెల్లూరులో క్యాంపస్ ఉంది. హైదరాబాద్‌లో నిథమ్ ఉంది. డిగ్రీ, పి.జి. కోర్సుల ప్రకటనలు గమనిస్తూ ఉండండి.
2. కేంద్ర పర్యాటక శాఖ 'ఇన్‌క్రెడిబుల్ ఇండియా టూరిస్ట్ ఫెసిలిటేటర్' పేరుతో ఆన్‌లైన్ శిక్షణ ఇస్తుంది. గైడుగా పనిచేయాలంటే గుర్తింపు కార్డు ముఖ్యం.
3. రోజూ పది నిమిషాలు ఇంగ్లీషులోనో హిందీలోనో మీ ఊరి గుడి గురించో, చెరువు గురించో గట్టిగా మాట్లాడండి. వినేందుకు ఒక స్నేహితుణ్ణి కూర్చోబెట్టుకోండి.
4. ఒకే విషయాన్ని ముగ్గురికి చెప్పినట్టు రాయండి: అయిదో తరగతి పిల్లవాడికి, మీ అమ్మమ్మకు, ఒక విదేశీయుడికి. ఏ మాట మార్చాల్సి వచ్చిందో గమనించండి.
5. ఏటా ఫిబ్రవరి 21న అంతర్జాతీయ టూరిస్ట్ గైడ్ల దినోత్సవం జరుపుతారు. ఆ రోజు వార్డెన్ గారి అనుమతితో దగ్గరి చారిత్రక స్థలానికి వెళ్ళి, ఒక్కొక్కరు ఒక్కో రాయి గురించి చెప్పండి.

ఇంగ్లీషు రాదన్న భయంతో వెనుకడుగు వేయవద్దు. భాష నేర్చుకుంటే వస్తుంది. ఎదుటివాడు ఏ కళ్ళతో చూస్తున్నాడో ఆలోచించే గుణం మాత్రం భాష కన్నా ముందు కావాలి. అది మనకు ఉంది. పూర్వ విద్యార్థులైన అన్నలూ అక్కలూ, మీలో ఎవరైనా పర్యాటక రంగంలో ఉంటే సెలవుల్లో ఒక పూట మన హాస్టల్‌కు వచ్చి ఈ పిల్లలతో మాట్లాడండి. మన నేల కథను మన నోటితో ప్రపంచానికి చెప్పే రోజు త్వరగా రావాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.